నక్షత్ర తాబేళ్ల చేత ఇంట్లో గుడ్లు పెట్టించి పిల్లలు తీయవచ్చా?

మీరు అడిగింది ఇది: విజయవాడ పటమటలో మీ స్నేహితుడి ఇంట్లో నాలుగేళ్లుగా నక్షత్ర తాబేళ్ల జత ఉంది. ఆడది ఈమధ్య పెరట్లో మట్టి తవ్వుతోంది. అరుదైన జాతే కదా, గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచి కొండపల్లి అడవిలో వదిలితే మేలు చేసినట్టే కదా అంటున్నారు.

వద్దండి. మీ ఉద్దేశం మంచిదే, ఒకప్పుడు నాదీ అదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూల్‌లోకి వెళ్లింది. పులి ఉన్న జాబితా అది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. అమ్మినా కొన్నా ఇంట్లో పెట్టుకున్నా తప్పే. మన కాలువల్లో కనిపించే మామూలు నీటి తాబేలు కూడా ఇదే షెడ్యూల్‌లో ఉందని చాలామందికి తెలియదు.

ఇక నా అనుభవం. 2009లో గుంటూరులో ఒక అక్వేరియం షాపులో, చెవి దగ్గర ఎర్ర చార ఉన్న రెడ్ ఇయర్డ్ స్లైడర్ పిల్లలు రెండు కొన్నాను. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దవి. ఎండు రొయ్యలు వేస్తే చాలు, ఇంతకు మించి పెరగవు అన్నాడు షాపతను. మూడు నెలలు తిరిగేసరికి ఒకదాని చిప్ప వేలితో నొక్కితే లోపలికి పోయేది. రెండోదానికి కళ్లు వాచి మూసుకుపోయాయి. కిటికీ పక్కనే పెట్టాను, ఎండ తగులుతోంది కదా అనుకున్నాను. కానీ తాబేలు ఒంట్లో డి విటమిన్ తయారు కావాలంటే ఎండలో ఉండే యూవీబీ కిరణాలు కావాలి, కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది. డి విటమిన్ లేకపోతే తిన్న కాల్షియం చిప్పకు చేరదు. కళ్ల వాపు ఎ విటమిన్ లోపం వల్ల. రోజూ పొద్దున్నే మేడ మీద నేరుగా ఎండలో, పక్కన నీడ ఉండేలా పెట్టడం మొదలుపెట్టాను. ముళ్లతో సహా చిన్న చేపలు, తోటకూర, కాల్షియం కోసం పక్షుల దాణా కొట్లో దొరికే సముద్రపు నురుగు ముక్క (కటిల్‌ఫిష్ ఎముక) ఇచ్చాను. డాక్టరు గారి మందులు ఎలాగూ వాడాం. చిప్ప గట్టిపడటానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ నాకు టెన్షనే.

రెండూ బతికాయి. ఒకటి పది అంగుళాలు దాటింది. చిన్నగా ఉండిపోయిన దానికి ముందుకాళ్ల గోళ్లు పొడవుగా వచ్చాయి, అది మగది. 2016 వేసవి మొదట్లో ఆడది తిండి మానేసి, తొట్టి గోడలు గీకడం మొదలుపెట్టింది. మేడ మీద మొక్కల కోసం పోసిన మట్టిలో వదిలితే, రాత్రికి వెనక కాళ్లతో గుంట తవ్వి ఏడు గుడ్లు పెట్టింది. నేను వాటిని తీసి, కడిగి, దూదిలో పెట్టి, బల్బు వెలుగుతున్న డబ్బాలో ఉంచాను. కోడిని పొదగేస్తే అది గుడ్లను తిప్పుకుంటూ ఉంటుందని నాయనమ్మ చెప్పేది. నేనూ రోజుకు రెండుసార్లు తిప్పాను. నలభై రోజులకు వాసన వచ్చింది. పగలగొడితే రెండింట్లో పిండం కనిపించింది. కొంచెం పెరిగి ఆగిపోయింది. ఆ డబ్బా ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

ఎందుకు పోయాయో 2018లో సూర్యలంక బీచ్‌లో తెలిసింది. అప్పటికి అది మన గుంటూరు జిల్లాయే, బాపట్ల జిల్లా వేరు కాలేదు. ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో సాయం చేయడానికి కొన్ని రాత్రులు వెళ్లాను. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లుంటాయి, పింగ్‌పాంగ్ బంతుల్లా. కుక్కలూ నక్కలూ తవ్వకముందే తీసి, వలకంచె లోపల అంతే లోతు గుంటలో మళ్లీ పూడ్చాలి. నేను ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూస్తుంటే, కాపలా ఉండే మత్స్యకారుడొకాయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు. "ఇది కోడిగుడ్డు కాదు బాబూ, పైది పైనే ఉండాలి" అన్నాడు. తాబేలు గుడ్డులో పిండం మొదటి రోజులోనే పైకి చేరి పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత బోర్లిస్తే చనిపోతుంది. కాబట్టి గుడ్లు మార్చాల్సి వస్తే పెట్టిన కొద్ది గంటల్లోనే మార్చాలి. కోడికి తిప్పడం ఎంత అవసరమో, దీనికి కదపకపోవడం అంత అవసరం.

అక్కడే ఇంకో సంగతి అర్థమైంది. గూటి మీద తాటాకు నీడ ఎందుకు వేస్తారని అడిగాను. సముద్ర తాబేలు పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడి నిర్ణయిస్తుంది. ఆలివ్ రిడ్లేకి 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి వస్తాయి, అంతకు మించితే దాదాపు అన్నీ ఆడవే, మరీ మించితే గుడ్లే పాడవుతాయి. నక్షత్ర తాబేలుకూ లింగం వేడిని బట్టే. మీ స్నేహితుడి పెరట్లో రోహిణి కార్తె ఎండకు ఏం జరుగుతుందో ఊహించుకోండి. పైగా నక్షత్ర తాబేలు గుడ్లు పగలడానికి మూడు నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

అయినా పిల్లలు బయటికి రావడం చిన్న పని, అసలు పని ఆ తర్వాత. సుందర్‌బన్స్‌లో బటాగుర్ బస్కా అనే నదీ తాబేలు దాదాపు కనుమరుగైంది. సజ్నేఖాలీ చెరువులో మిగిలిన కొన్నింటితో అటవీ శాఖ, తాబేళ్ల నిపుణులు కలిసి 2012లో పిల్లలు తీయించారు. పెంచిన వాటిలో పదింటికి ట్రాన్స్‌మిటర్లు అమర్చి నీళ్లలో వదిలింది 2022 జనవరిలో. మధ్యలో పదేళ్లు! ఎక్కడికి పోతున్నాయో, బతుకుతున్నాయో లేదో చూసుకోవడానికే ఆ ట్రాన్స్‌మిటర్లు. అది ఇంటి పెరట్లో, ఆఫీసుకు వెళ్లొచ్చి చేసే పని కాదు.

కొండపల్లిలో వదలడం ఎందుకు వద్దంటే, మీ స్నేహితుడి దగ్గరున్న జత ఏ ప్రాంతానిదో మీకు తెలియదు. రాజస్థాన్, గుజరాత్ వైపు నక్షత్ర తాబేళ్లకూ దక్షిణాది వాటికీ జన్యువుల్లో తేడా ఉంది. అంగట్లో చేతులు మారినవి కలగలిసిపోయి ఉంటాయి. ఇళ్లలో పెరిగినవి ముక్కు కారే జబ్బుల లాంటివి మోసుకెళ్లి అడవిలో వాటికి అంటించవచ్చు. అందుకే నా స్లైడర్లను కూడా కృష్ణలోనో రైవస్ కాలువలోనో వదలమని ఎందరు చెప్పినా వదల్లేదు. అవి అమెరికా జాతి, మన తాబేళ్ల తిండికీ చోటుకూ పోటీ వస్తాయి. ఇప్పటికీ మేడ మీద పెద్ద తొట్టిలో నా దగ్గరే ఉన్నాయి. గుడ్లు పెట్టినా పిల్లలు తీయను.

ఇప్పుడు మీ స్నేహితుడు చేయాల్సింది అటవీ శాఖ కార్యాలయానికి తనే ఫోన్ చేసి, తాబేళ్లు తన దగ్గరున్నాయని, అప్పగిస్తానని చెప్పడం. భయంగా ఉంటే ముందు ఒక లాయర్‌తో మాట్లాడి, ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లమనండి. ఇంకొకరికి ఇచ్చేయడం పరిష్కారం కాదు, అదీ నేరమే. అప్పటిదాకా గడ్డి, ఆకులు, మందార పూలు పెట్టండి. అన్నం, బ్రెడ్, పాలు వద్దు. చెమ్మ లేని నేల, కొంత ఎండ, కొంత నీడ ఉండాలి.

ఈలోగా ఆడది గుడ్లు పెడితే కడగకండి, తిప్పకండి. తవ్వి చూడాలనిపించినా ఆగండి. పైన ఒకటి కనిపిస్తుంటే పెన్సిల్‌తో దాని పైవైపు చిన్న గుర్తు పెట్టి, మట్టి కప్పి, గుడ్లు పెట్టిన తేదీ రాసి ఉంచండి. అటవీ శాఖ వాళ్లు వచ్చినప్పుడు మొదట చెప్పాల్సింది ఆ తేదీయే.