చిన్నీ, ఆ స్టీలు బోల్టులు పక్కన పెట్టు

విమానపుర, బెంగళూరు

చిన్నీ,

నిన్న రాత్రి తొమ్మిదింటికి హిందూపురం నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నా, నీ మేనకోడలి రిమోట్ విమానానికి దిగినప్పుడల్లా చక్రాల కాళ్ళు ఊడొస్తున్నాయంట. ఇక జన్మలో ఊడకుండా చేస్తానంటోంది. లావు తీగ కొనిందంట, స్టీలు బోల్టులు కొనిందంట. నీకు చెప్పలేదా?" అంది. చెప్పలేదు. యలహంక నుంచి విమానపురకి ఫోన్ చెయ్యడానికి నీకేం అడ్డమొచ్చిందో తర్వాత అడుగుతాను.

ముందు నిజం ఒప్పుకుంటాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్య దగ్గరికి వెళ్ళి రెండుసార్లు చెప్పాను, మన చిన్ని వైస్‌లో తీగ బిగించి వంచుతోందట అని. మన ఇంట్లో నా తర్వాత ఆ పని చేస్తున్నదానివి నువ్వే. మీ అన్నకి సైకిల్ చెయిన్ వెయ్యడం కూడా రాదు. కానీ పడుకున్నాక ఆ "జన్మలో ఊడకుండా" అన్న మాట చెవిలో తిరగడం మొదలుపెట్టింది. రెండింటికి లేచి ఇది రాస్తున్నాను. మోకాలి ఆపరేషన్ కాకపోయుంటే పొద్దున్నే బస్సెక్కి నీ హాస్టల్ గేటు దగ్గర నిలబడేవాణ్ణి.

తేలికవి ముందు చెప్పేస్తాను. పనికి కూర్చునే ముందు బ్యాటరీ తీసెయ్, ప్రొపెల్లర్ విప్పెయ్. గడ్డిలో దిగుతున్నావు కాబట్టి చక్రాలు ఒక సైజు పెద్దవి వెయ్యి. ఇరుసు మీద ఆకురాయితో చిన్న చదును చేసి, చక్రాన్ని జారకుండా ఆపే కాలర్ ఉంగరం స్క్రూ సరిగ్గా దాని మీద కూర్చునేలా బిగించు, చక్రం జారిపోదు. అంతా అయ్యాక బరువు ఎక్కడ తూగుతోందో మళ్ళీ చూసుకో. ఎగరేసే చోటు, ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై మ్యాపులో ఏ రంగులో ఉందో చూడకుండా బయల్దేరకు. మన ఊళ్ళో హెచ్‌ఏఎల్, జక్కూరు, యలహంక, దేవనహళ్ళి, ఎటు చూసినా రన్‌వేలే. ఇవి నీకు తెలిసే ఉంటాయి. తెలిసినా చెప్తాను, మేనమామని.

ఇక తీగ సంగతి. నీ విమానం కాళ్ళకి ఇప్పుడున్నది 3 మిల్లీమీటర్లది, నువ్వు కొన్నది 4 అని మీ అమ్మ చెప్పింది. ఒక్క మిల్లీమీటరే కదా అనుకున్నావు. తీగ బిరుసుతనం దాని మందంతో పాటు మామూలుగా పెరగదమ్మా. మందం నాలుగో ఘాతం లెక్కన, అంటే మందం × మందం × మందం × మందం లెక్కన పెరుగుతుంది. 3 నుంచి 4కి వెళ్తే బిరుసు మూడు రెట్లు దాటుతుంది. అంటే ఇప్పటిదాకా స్ప్రింగులా సాగిన కాలు ఇకమీద గునపంలా నిలబడుతుంది. నీకు అదే కావాలేమో. నేలకి మాత్రం అది అక్కర్లేదు.

లెక్క చూడు. 2 కిలోల విమానం అర మీటరు ఎత్తు నుంచి దబ్బున పడిందనుకో. కాళ్ళు 5 సెంటీమీటర్లు సాగి ఆపితే బాడీ మీద సగటున దాదాపు 20 కిలోల దెబ్బ పడుతుంది. అదే 1 సెంటీమీటరులో ఆపేస్తే దాదాపు 100 కిలోలు. పడింది అదే విమానం, అదే ఎత్తు. కాలు సాగనంటే ఆ దెబ్బంతా ఎవరో ఒకరు తినాలి కదా. కాలు పైనున్న ప్లైవుడ్ తింటుంది, దాని వెనక బాల్సా అనే తేలిక చెక్క తింటుంది. బాల్సా సంగతి నీకు చెప్పాలా, గోరు పెట్టి నొక్కితే గుంట పడుతుంది.

కాబట్టి ఆ 4 మిల్లీమీటర్ల తీగ దాచి పెట్టుకో, ఎప్పుడైనా 4 కిలోల విమానం కట్టినప్పుడు పనికొస్తుంది. 3దే కొత్తది తీసుకో. వంచేటప్పుడు వేడి చెయ్యకు. ఎర్రగా కాలిందంటే దాని స్ప్రింగు గుణం పోయినట్టే, మామూలు కంచె తీగ అయిపోతుంది. వైస్‌లో బిగించి చల్లగానే వంచు. మూల పదునుగా రాకుండా ఒక బోల్టు చుట్టూ తిప్పు. వైస్ పళ్ళ గాటు పడకుండా మధ్యలో అల్యూమినియం రేకు ముక్కలు పెట్టు. గాటు పడ్డ చోటే కొన్నాళ్ళకి పగులు మొదలవుతుంది. విమానాల ఫ్యాక్టరీలో, రేకుల షాపులో ముప్పై ఏడేళ్ళు పనిచేసినవాడి మాట ఇది, ఇంటర్నెట్‌లో చదివింది కాదు.

ఇప్పుడు స్టీలు బోల్టుల దగ్గరికి వస్తాను. నిద్ర పట్టనిది వాటి వల్లే.

1987 ఎండాకాలం. నాకు ఇరవై ఆరేళ్ళు. మీ అమ్మ పదో తరగతి పరీక్షలు రాసి సెలవులకి నా దగ్గరికి వచ్చింది. అప్పుడు నా దగ్గర ఒక ట్రైనర్, అంటే ఎగరెయ్యడం నేర్చుకునే రిమోట్ విమానం, ఉండేది. మిథనాల్‌లో ఆముదం కలిపి పోసే ఇంజిన్. ఎగరేసి ఇంటికొస్తే చొక్కా మొత్తం ఆముదం వాసన, మీ అత్తయ్య దాన్ని వేరే బకెట్టులో నానబెట్టేది. ఆ విమానానికి కాళ్ళు డ్యూరాల్ అనే గట్టి అల్యూమినియం రేకువి, బాడీకి నైలాన్ బోల్టులతో బిగించి ఉండేవి. ఆ బోల్టులు ఇక్కడ దొరికేవి కావు. మా గ్రౌండుకి వచ్చే ఒక పెద్దాయన విదేశం నుంచి తెప్పించుకుని నాకు నాలుగు ఇచ్చాడు. నా ల్యాండింగ్‌లు ఎలా ఉండేవంటే ఆ నాలుగూ రెండు ఆదివారాల్లో తెగిపోయాయి. మళ్ళీ అడిగాను, ఇంకో నాలుగు ఇచ్చాడు. అవీ తెగాయి. మూడోసారి అడగడానికి నాకు నోరు రాలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి, పని తెలిసినవాడినని పేరు తెచ్చుకోవాలని తాపత్రయం. వారం వారం బోల్టుల కోసం చెయ్యి చాపడం చిన్నతనంగా తోచింది. శనివారం సాయంత్రం కూర్చుని నాలుగు స్టీలు బోల్టులు, లాక్ నట్లు వేసి బిగించేశాను. బిగిస్తున్నప్పుడు నేనూ నీలాగే అనుకున్నాను, ఇక జన్మలో ఊడవని.

ఆదివారం హొసకోట దారిలో ఎండిన చెరువులో ఎగరేశాం. చెరువు బురద ఎండి నేలంతా పగుళ్ళు, కొన్నిచోట్ల అరచెయ్యి దూరేంత. మీ అమ్మ టిఫిన్ క్యారియర్ పట్టుకుని తుమ్మచెట్టు నీడలో నా స్కూటర్ పక్కన కూర్చుంది. దించుతుంటే విమానం ఒకసారి ఎగిరిపడింది. మళ్ళీ లేపుదామని థ్రాటిల్ పూర్తిగా తెరిచాను. అది లేచే లోపు రెండోసారి తగిలింది, చక్రం పగుల్లో ఇరుక్కుంది. నైలాన్ బోల్టులైతే అక్కడే పుటుక్కున తెగేవి, కాళ్ళు చెరువులో ఉండిపోయేవి, విమానం పొట్ట మీద జారి ఆగేది. నా బోల్టులు తెగలేదు. కాళ్ళతో పాటు పొట్ట అడుగు మొత్తం పెకలించుకుని వచ్చింది. ఆ అడుగు మీదే స్పాంజిలో చుట్టి, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ బ్యాటరీ పెట్టాను. దాని వైరు ప్లగ్గు లోంచి ఊడిపోయింది.

కరెంటు పోతే సర్వోలు, అంటే థ్రాటిల్‌నీ చుక్కానినీ తిప్పే చిన్న మోటార్లు, ఎక్కడివక్కడ ఆగిపోతాయి. థ్రాటిల్ పూర్తిగా తెరిచే ఉంది. కాళ్ళు లేవు, పొట్ట లేదు, ఇంజిన్ మాత్రం అరుస్తోంది. విమానం మనిషి నడుమంత ఎత్తులో లేచి ఎడమకి ఒరుగుతూ తుమ్మచెట్టు వైపు వెళ్ళింది. నా చేతిలో రిమోట్ పెట్టె ఉంది, దాని మీది కర్రలు ఎటు తిప్పినా దానికి ఏమీ వినపడదు. అరవాలని కూడా తోచలేదు నాకు. అదే సమయానికి మీ అమ్మ చేతిలోంచి క్యారియర్ మూత జారింది, తీసుకోవడానికి వంగింది.

స్కూటర్ సీటుకి తగిలింది. ప్రొపెల్లర్ సీటుని చీల్చి లోపలి స్పాంజి చెట్టు మొదలు దాకా చిమ్మింది. మీ అమ్మ లేచి చూసి నవ్వింది, చిన్నీ. "అన్నా, నీ స్కూటర్‌కి ఆపరేషన్ అయింది" అని నవ్వింది. గాలి తిప్పేసిందే అని చెప్పాను. ఇవాళ్టికీ ఆమెకి అది గాలే. ఆ పెద్దాయన మాత్రం ముక్కలన్నీ ఏరి, ఆ పెకలిన పలక తీసుకుని, ఓపిగ్గా నాలుగు బోల్టులూ విప్పి నా అరచేతిలో పెట్టాడు. ఒక్కదానికి గీత కూడా పడలేదు. ఆయన ఏమీ అనలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. ఆ బోల్టులు ఇప్పటికీ నా పాత బోర్న్‌విటా డబ్బాలో ఉన్నాయి.

నీ విమానానికి ఇంజిన్ లేదు, మోటారు. రిసీవర్‌కి కరెంటు పోతే మీ స్పీడ్ కంట్రోలరే మోటారు ఆపేస్తుందని తెలుసు, ఆ విషయంలో మీ కాలం వాళ్ళు అదృష్టవంతులు. కానీ నీ బ్యాటరీ లిథియం పాలిమర్ది, అదీ సరిగ్గా కాళ్ళ మీదే కూర్చుని ఉంది, ఫోటోలో చూశాను. స్టీలు బోల్టు మొన పైకి పొడుచుకొచ్చి దానికి గుచ్చుకుందంటే మంటే. బ్యాటరీని ముందుకి జరిపి, మధ్యలో ఒక ప్లైవుడ్ అడ్డం పెట్టు. ఈ ఒక్కటి చెయ్యకుండా మాత్రం ఎగరెయ్యకు, ఒట్టు.

పెద్ద విమానాల వాళ్ళు కూడా దీని గురించే తల పట్టుకుంటారు. ప్రయాణికుల జెట్ విమానాలకి ప్రధాన చక్రాల కాళ్ళని, దెబ్బ హద్దు దాటితే ఇంధనం ట్యాంకు చీలకుండా విడిపోయేలా డిజైన్ చేస్తారు. మూడు వందల మంది కూర్చునే విమానంలో కాళ్ళు ఎక్కడ విరగాలో ముందే నిర్ణయించి పెడుతుంటే, నువ్వు హాస్టల్ గదిలో కూర్చుని జన్మలో విరగకుండా చేస్తానంటావా? సరే, తిట్టను. నేను చేసిన దాంట్లో నీది పదో వంతు కూడా కాదు, నువ్వింకా బిగించలేదు కూడా.

చెయ్యాల్సింది ఇది. తీగని 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకకి పట్టీలతో బిగించు. ఆ పలకని బాడీకి ముందువైపు రెండు 4 మిల్లీమీటర్ల నైలాన్ బోల్టులతో పట్టించు. ఎందుకు ముందువైపు అంటే, చక్రం దేనికైనా తగిలి కాలు వెనక్కి పోయినప్పుడు పలక ముందంచు కిందికి లాగుతుంది, వెనకంచు పైకి పొడుస్తుంది. తెగాల్సింది ముందు, నలగకూడనిది వెనక. అందుకని వెనకంచు ఆనే చోట లోపలి నుంచి మంచి ప్లైవుడ్ ముక్క అతికించు, అది రెండు ఫార్మర్లకీ, అంటే బాడీ లోపలి అడ్డు చెక్కలకీ, తగిలేలా ఉండాలి. మూలల్లో మూడు పలకల కర్ర ముక్కలు పెట్టి నిదానంగా ఆరే ఎపాక్సీ జిగురు వెయ్యి. అయిదు నిమిషాల్లో ఆరేది వద్దు, రాత్రంతా ఆరేది. బలమంతా అక్కడ పెట్టుకో, నేను కాదనను. బోల్టులు మామూలు ల్యాండింగ్‌కే తెగుతుంటే 5 మిల్లీమీటర్లవి వెయ్యి. బాగా దెబ్బ తగిలినా తెగకపోతే మళ్ళీ 4కి రా. ఎస్.పి. రోడ్డులో గుప్పెడు తెచ్చి డబ్బాలో పోసుకో. ఇప్పుడు ఎవరినీ అడగాల్సిన పని లేదు.

ఇంకొకటి. ఎగరేసేటప్పుడు చూడ్డానికి వచ్చిన పిల్లలుంటారు, నీ స్నేహితులుంటారు. అందరినీ నీ వెనక నిలబెట్టు. నీడ ఉంది కదా అని ఎవరినీ చెట్టు కింద కూర్చోనివ్వకు. నవ్వుతావేమో, నవ్వుకో.

ఆదివారం రా. రెక్క విప్పేసి బాడీ ఒక్కటే బస్సులో పట్టుకొస్తే చాలు. మీ అత్తయ్య ఉగ్గాని, బజ్జీలు చేస్తానంటోంది. మోకాలు లేకపోయినా చేతులున్నాయి, వైస్ పెరట్లోనే ఉంది. మధ్యాహ్నం నుంచి ఆటో పట్టుకుని పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో హెచ్‌ఏఎల్ మ్యూజియం దాకా వెళ్దాం. అందరూ విమానాల ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. మనం వాటి పొట్టల కిందికి వంగి కాళ్ళు చూద్దాం. 1951లో మొదటిసారి ఎగిరిన మన హెచ్‌టి-2 శిక్షణ విమానానికి ముందు రెండు చక్రాలు, తోక కింద బుల్లి చక్రం. అలాంటిది నువ్వు తర్వాత కడుదువుగాని, దాని తిప్పలు వేరు.

మీ అమ్మకి గాలి సంగతి నేనే చెప్తాను. ఈ వారంలోనే. నువ్వు ముందు నోరు జారకు.

వచ్చేటప్పుడు వంగిపోయిన పాత తీగ పారెయ్యకుండా పట్టుకురా. అది ఎక్కడ వంగిందో, ఎటు వంగిందో చూడాలి నేను.

మీ మామయ్య