హెచ్ఎం మేడం మెతక అని టీసీ తీసుకోవాలా?

ప్రశ్న: మా బాబు జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. పోయినేడు వరకు ఉన్న హెచ్ఎం సార్ చాలా స్ట్రిక్ట్, ఆయన వరండాలోకి వస్తే స్కూలంతా గప్‌చుప్. ఈ ఏడు బదిలీ మీద వచ్చిన మేడం ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనరు. స్కూలు పాడైపోతుందని మా వీధిలో కొందరు టీసీలు తీసుకుని పిల్లల్ని ప్రైవేటులో వేశారు. మేమూ మార్చాలా? వాడికి పాలిటెక్నిక్ గానీ బాసర ట్రిపుల్ఐటీ గానీ రావాలని మా ఆశ. (నల్గొండ జిల్లా నుంచి ఒక తల్లి)

జవాబు: ఇప్పుడే మార్చకండమ్మా. మెతక అన్న ఒక్క కారణానికైతే అసలే వద్దు.

హెచ్ఎం తీరును బట్టి పిల్లల చదువు మారుతుంది, నిజమే. కానీ మీ బాబుకి లెక్కలు చెప్పేది హెచ్ఎం కాదు, లెక్కల సారు. ఆ సారు పాఠం ఎంతవరకు వచ్చింది, పిల్లలకు ఎక్కిందా లేదా, ఎక్కకపోతే ఏం చేద్దాం అని హెచ్ఎం ఆయనతో కూర్చుని మాట్లాడుతున్నారా లేదా అన్నదే మార్కుల్లో తేలుతుంది. న్యూజిలాండ్‌కు చెందిన విద్యా పరిశోధకురాలు వివియన్ రాబిన్సన్, మరో ఇద్దరు కలిసి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను గుదిగుచ్చి 2008లో లెక్క తీశారు. పిల్లల చదువు మీద బోధన మీదే దృష్టి పెట్టే హెచ్ఎంల ప్రభావం (ఈ అంకె ఎంత పెద్దదైతే ప్రభావం అంత ఎక్కువ) 0.42 ఉంటే, ఉత్సాహపరుస్తూ అందరినీ కలుపుకుపోయే తరహా వాళ్ల ప్రభావం 0.11 మాత్రమే. అన్నిటికన్నా ఎక్కువగా, 0.84 వచ్చింది దేనికంటే, టీచర్లకు నేర్పించడమే కాక వాళ్లతో కలిసి తానూ కూర్చుని నేర్చుకునే పనికి. అంటే మేడం మంచివారు, నవ్వుతూ పలకరిస్తారు అన్నది కూడా చాలదన్నమాట.

ఇక ఆ నిశ్శబ్దం సంగతి. 1939లో అమెరికాలోని అయోవాలో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ బృందం పదేళ్ల మగపిల్లల క్లబ్బులతో ఒక ప్రయోగం చేసింది. పెత్తనం చేసే పెద్ద ఉన్నంతసేపు పిల్లలు బాగా పనిచేశారు, ఆయన గదిలోంచి బయటికి వెళ్లగానే పని చాలావరకు ఆగిపోయింది. పిల్లలతో చర్చించి నడిపించిన చోట మాత్రం పెద్ద లేకపోయినా పని సాగింది. ఏమీ పట్టించుకోకుండా వదిలేసిన చోట పని తక్కువ, చేసింది కూడా నాసిగా ఉంది. అది బడి పరీక్ష కాదు కాబట్టి అంతా అలాగే వర్తిస్తుందని నేను అనను, కానీ మీరు తేల్చుకోవాల్సింది ఇదే: మేడం నెమ్మదిగా మాట్లాడుతూనే పని చేయిస్తున్నారా, లేక వదిలేశారా?

దీనికి మేడం గొంతు కాదు, బాబు స్లిప్ టెస్ట్ పేపరు చూడండి. జవాబు తప్పయితే అడ్డంగా ఎర్రగీత కొట్టి వదిలేశారా, ఏ మెట్టు దగ్గర తప్పిందో అక్కడ గుర్తు పెట్టారా? తర్వాత అదే లెక్క మళ్లీ చేయించారా? మేడం ఎప్పుడైనా వచ్చి క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నారా అని వాణ్నే అడగండి, పిల్లలు దాచకుండా చెప్తారు. టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్‌లో ఎవరొస్తున్నారో కూడా అడగండి. ఆ తర్వాత ఒక రోజు తీరిగ్గా వెళ్లి మేడంతోనే మాట్లాడండి, మా వాడు లెక్కల్లో ఎక్కడ వెనకబడ్డాడు అని. రిజిస్టరు తెప్పించి లేదా సారుని పిలిపించి చెప్తే మీకు టెన్షన్ అక్కర్లేదు. చూద్దాం లెండి అని పంపించేస్తే మాత్రం ఆలోచించాలి.

ఇంకోటి, ప్రైవేటుకు పరిగెత్తేవాళ్లు చాలామంది మరిచిపోయేది. బాసర ఆర్జీయూకేటీ (మీరన్న ట్రిపుల్ఐటీ) సీట్లు పదో తరగతి ప్రతిభ మీదే ఇస్తారు, పైగా రెసిడెన్షియల్ కాని సర్కారు బడుల్లో చదివిన పిల్లలకు అదనంగా వెయిటేజీ కలుపుతూ వస్తున్నారు. ప్రైవేటులో వేస్తే మీ వాడు దాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే. పాలిటెక్నిక్‌కు రాసే పాలిసెట్ కూడా పదో తరగతి లెక్కలు, సైన్స్ మీదే నడుస్తుంది.

ఎస్ఏ-1 (మొదటి సమ్మెటివ్ పరీక్ష) పేపర్లు వచ్చేదాకా ఆగండి. అప్పటికీ పేపర్లు దిద్దక, సిలబస్ సగంలోనే ఉండి, మీరు అడిగినా సమాధానం రాకపోతే వేసవి సెలవుల్లోనే మార్చేయండి. పదో తరగతి మొదలయ్యాక మారిస్తే నామినల్ రోల్స్ (పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల జాబితా) దగ్గర ఇబ్బంది పడతారు. అలా మార్చాల్సి వచ్చినా ముందు పక్క ఊరి సర్కారు హైస్కూలు చూసి రండి, అక్కడి హెచ్ఎంని కూడా ఇవే అడగండి.