వేలం పాటకు వెళ్ళే ముందు: అల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

వేలంలో కొనాలని నువ్వు పంపిన ఎర్ర ఫోర్డ్ మస్టాంగ్ కారు ఫోటోలు చూశాను. 1966 మోడల్, వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, రిజర్వ్ (ఇంతకు తక్కువైతే అమ్మను అని పెట్టే ధర) లేదు అని వేలం వాళ్ళు రాశారు. అంటే ఎంత తక్కువకు పాట ఆగినా అమ్మేయాల్సిందే. నీకు ఆశ పుట్టడంలో తప్పు లేదు. ఫోన్‌లో చెబితే నిలవవని ఈ సంగతులు రాసి పంపుతున్నాను.

పద్నాలుగేళ్ళ కిందట నేనూ అలాంటి రెండు తలుపుల కూపే ఒకటి వేలంలో కొన్నాను. బండి వివరాల కార్డు మీద వీ8 అని ఉంది, హుడ్ (బానెట్) ఎత్తితే వీ8 కనబడింది. అంతటితో సరిపెట్టుకున్నాను. ఇంటికి తెచ్చాక మెకానిక్ హుడ్ కూడా ఎత్తలేదు. చక్రాలు చూసి, "ఇది ఆరు సిలిండర్ల బండి సార్" అన్నాడు. ఆ ఏళ్ళ మస్టాంగుల్లో ఆరు సిలిండర్ల వాటికి చక్రానికి నాలుగు నట్లు, వీ8 వాటికి ఐదు. ఇంజిన్ మార్చినవాళ్ళు బ్రేకులు, వెనక యాక్సిల్ పాతవే వదిలేశారు. బలమైన ఇంజిన్‌కి చిన్న బ్రేకులు! ఆ ఆదివారం పిల్లల్ని అందులోనే తిప్పుదామనుకున్నాను, తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ. అమ్మినవాళ్ళను అడిగితే 'ఉన్నది ఉన్నట్టు కొంటున్నాను' అనే కాగితం చూపించారు. దాని మీద నా సంతకం ఉంది.

కాబట్టి ముందు విన్ నంబరు, అంటే బండి గుర్తింపు నంబరు చూడు. అందులో ఐదోది ఇంజిన్ అక్షరం. టి అయితే ఆరు సిలిండర్లు. సి, ఎ, కె అయితే వీ8. కె అంటే 271 హార్స్‌పవర్ ఇంజిన్, దానికే గిరాకీ ఎక్కువ, నకిలీలూ ఎక్కువే. తలుపు మీది రేకును నమ్మొద్దు, అది కొత్తది చేయించి బిగించవచ్చు. హుడ్ ఎత్తి, డ్రైవర్ వైపు ఫెండర్ (ముందు చక్రాన్ని కప్పే భాగం) లోపలి రేకు మీద గుద్దిన నంబరు చదివి, టైటిల్ (యాజమాన్య) కాగితంతో అక్షరం అక్షరం సరిచూడు.

తర్వాత తుప్పు. ముందు అద్దం కింద గాలి వెళ్ళే జాలీ ఉంటుంది కదా, దాని అడుగున రేకు తినేస్తే వాన నీళ్ళు నేరుగా కాళ్ళ దగ్గరికి దిగుతాయి. బాగుచేయాలంటే చాలా విప్పాలి. అడిగి, ముందు సీట్ల దగ్గర కార్పెట్ అంచు ఎత్తి చేత్తో తడుము. చిన్న అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తలుపుల కింది భాగాల మీద ఆనించు. అంటుకోకపోతే రంగు కింద పుట్టీ ఉన్నట్టే. వేలంలో సాధారణంగా నడిపి చూడనివ్వరు. కానీ వేదిక మీదికి తీసుకెళ్ళే ముందు బండ్లను వరుసలో స్టార్ట్ చేస్తారు, అప్పుడు వెనక నిలబడు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం.

ఇక డబ్బు. పాట ఆగిన ధర నువ్వు కట్టే ధర కాదు. 30,000 డాలర్లకు ఆగిందనుకో, పది శాతం బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాడు వేలం వాళ్ళకు కట్టే రుసుము) 3,000, మన టెక్సస్ పన్ను 6.25 శాతం చొప్పున దాదాపు రెండు వేలు, ఆపైన ట్రైలర్, ఇన్సూరెన్స్. నీ దగ్గర మొత్తం 30,000 ఉంటే 25,000 దగ్గర చెయ్యి దించాలి. ఆ అంకె ఇంట్లోనే కాగితం మీద రాసి అమ్మాయికి ఇవ్వు, తనను పక్కన కూర్చోబెట్టుకో. బండి వేదిక మీద ఉండేది రెండు మూడు నిమిషాలే. వేలం మనుషులు పక్కకొచ్చి, కళ్ళలోకి చూస్తూ ఇంకో వెయ్యి అంటారు. బాలాపూర్ లడ్డూ పాటలో భక్తితో పెంచుతాం, ఆ డబ్బు ఊరికి వెళ్తుంది. ఇక్కడ ఆ ఊపు పనికిరాదు.

ఎప్పటికైనా అమ్ముతావు కాబట్టి ఇంకో మాట. మొదటి రోజు నుంచి ప్రతి బిల్లూ, ప్రతి ఫోటో ఒక ఫైల్లో పెట్టు. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ సినిమాలో నడిపిన ఆకుపచ్చ 1968 మస్టాంగ్‌ని ఒక కుటుంబం 1974లో 6,000 డాలర్లకు కొంది. దాన్ని తనకు అమ్మమని మెక్వీన్ 1977లో రాసిన ఉత్తరాన్నీ దాచింది. 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిస్సిమీ వేలంలో దాని పాట 34 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. ప్రీమియంతో 37 లక్షల 40 వేలు. దానికి కొత్త రంగు వేయలేదు, గీతలు గీతల్లాగే ఉన్నాయి. నీ బండికి ఆ కథ ఉండదు, కానీ కాగితాలున్న బండికే కొనేవాడు ధైర్యంగా పాడతాడు. అమ్మేముందు మెరుపు కోసం పెయింట్ వేయించకు, కింద ఏదో దాచావనుకుంటారు. రిజర్వ్ పెడితే మరీ ఎక్కువ పెట్టొద్దు. అమ్ముడుపోకపోతే ఎంట్రీ ఫీజు, ట్రైలర్ ఖర్చు నీ మీదే పడతాయి.

పాటకు ముందు రోజు బండ్లు చూడనిస్తారు కదా, పొద్దున్నే నేనూ వస్తాను. టార్చి, అయస్కాంతం నా దగ్గర ఉన్నాయి. నువ్వు ఆ నంబరు ఫోటో అడిగి తెప్పించు, ఐదో అక్షరం ఏమిటో ఈ రాత్రికే నాకు చెప్పు.

మీ మామయ్య