బాక్స్ స్క్వాట్: కూర్చోవడంలోనే ఉంది కిటుకు

పవర్‌లిఫ్టింగ్ సాధన మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో బాక్స్ స్క్వాట్ గురించి, అంటే భుజాల మీద బార్ పెట్టుకుని వెనకున్న బాక్స్ మీద కూర్చుని లేవడం గురించి, అడిగినవే ఎక్కువ. ఒకే సందేహాన్ని నాలుగు రకాలుగా అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: మా జిమ్‌లో ఒకాయన బాక్స్ మీద కూర్చుని లేస్తే స్క్వాట్ బలం పెరుగుతుందంటారు. ఇంకొకాయన అది మోకాళ్ళ నొప్పులవాళ్ళు చేసుకునేదని కొట్టిపారేస్తారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మొదటాయన మాట వినండి. కాకపోతే ఎందుకో తెలుసుకుని వినండి. మామూలు స్క్వాట్‌లో దిగేటప్పుడు తొడ, పిరుదుల కండరాలు రబ్బరులా సాగుతాయి. అడుగుకు చేరగానే ఆ బిగువే మనిషిని కొంత పైకి ఎగదోస్తుంది. బస్కీలు తీసేవాళ్ళు లయ తప్పకుండా వరసగా తీయగలగడంలో దాని వాటా కొంత ఉంది. బాక్స్ మీద ఒక్క సెకను ఆగారంటే ఆ ఎగదోత చాలావరకు చల్లారిపోతుంది. ఇక ఆగిన బరువును ఆగినచోటి నుంచే కదపాలి. అందుకే బార్ మీద తక్కువ బరువున్నా కాళ్ళకు పని ఎక్కువ పడుతుంది.

వెనక ఆసరా ఉందన్న ధైర్యంతో తుంటిని బాగా వెనక్కి పంపవచ్చు కూడా. అప్పుడు మోకాలి నుంచి మడమ దాకా కాలు దాదాపు నిటారుగా నిలబడి, భారం తుంటికీ తొడ వెనక కండరాలకూ మారుతుంది. మోకాలి మీద ఒత్తిడి తగ్గుతుంది గనక రెండో ఆయన మాట అక్కడ పుట్టి ఉంటుంది.

పద్ధతి పాతదే. 1960లలో కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో బిల్ వెస్ట్, ఆయన మిత్రులు దీన్ని సాధన చేసేవారు. వాళ్ళ బృందం పేరు వెస్ట్‌సైడ్ బార్‌బెల్. తర్వాత ఒహాయోలోని కొలంబస్‌లో తన జిమ్‌కు అదే పేరు పెట్టుకుని, 2022లో చనిపోయేదాకా దీన్ని ప్రపంచమంతా చాటినవారు లూయీ సిమన్స్. అయితే ఆ జిమ్‌లో చాలామంది బిగుతైన స్క్వాట్ సూట్ తొడుక్కుని పోటీ చేసినవాళ్ళు. సూట్ లేకుండా పోటీ చేసేవారు వాళ్ళ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే ఏమవుతుందో ఇంకో ఉత్తరంలో చూడండి.

ప్రశ్న: మా జిమ్‌లో తిప్పి పెట్టినదాన్ని బట్టి 20, 24, 30 అంగుళాల ఎత్తు వచ్చే గెంతుడు బాక్స్ ఒకటే ఉంది. 20 వైపు పెట్టుకుని చేస్తే సరిపోతుందా? నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సరిపోదు. 20 అంగుళాలంటే దాదాపు 51 సెంటీమీటర్లు. మీ ఎత్తువాళ్ళకు అది ఇంచుమించు మోకాలిచిప్పను తాకే ఎత్తు. దాని మీద కూర్చుంటే సగం స్క్వాటే అవుతుంది. పోటీ నిబంధన ప్రకారం తుంటి కీలు దగ్గర తొడ పైభాగం మోకాలి పై అంచుకన్నా కిందికి దిగాలి. ఎత్తు బాక్స్ మీద 200 కిలోలు లేపిన సంబరం వేదిక మీద ప్రయత్నం చెల్లదని రిఫరీలు వెలిగించే ఎర్ర దీపాలతో ముగుస్తుంది. మాకు వచ్చే ఉత్తరాల్లో కనపడే తప్పుల్లో ఇదే పెద్దది.

మీ ఎత్తు మీరే లెక్క కట్టుకోవచ్చు. బూట్లతో నిలబడి నేల నుంచి మోకాలిచిప్ప పై అంచు దాకా టేపుతో కొలవండి. తర్వాత గట్టి చెక్క బల్ల మీద కూర్చుని, బల్ల నుంచి గజ్జల మడత దాకా, అంటే తొడ పొత్తికడుపును కలిసే గీత దాకా కొలవండి. మొదటిది 52, రెండోది 15 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం. 52లో 15 తీస్తే 37. కాళ్ళు వెడల్పు చేసి కూర్చుంటే మోకాలు కూడా కాస్త కిందికి వస్తుంది గనక ఇంకో 2 తీసేయండి. 35 సెంటీమీటర్లు, దగ్గర దగ్గర 14 అంగుళాలు. లెక్క ఇంతవరకే తేలుస్తుంది, అసలు తీర్పు వీడియోది. ఫోన్‌ను పక్కన, మీరు కూర్చున్నప్పటి మోకాలి ఎత్తులో పెట్టి తీయండి. పైనుంచి తీసినా, కిందినుంచి తీసినా అసలు లోతు తెలియదు.

బాక్స్‌ను వడ్రంగి చేత చేయించుకోండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపల అడ్డంగా ఒక పలక, మేకులు కాకుండా స్క్రూలు, జిగురు. పైభాగం సుమారు 40 సెంటీమీటర్ల చదరం ఉంటే చాలు. లెక్కకు వచ్చిన ఎత్తుకన్నా 4 సెంటీమీటర్లు తక్కువగా చేయించి, పైన 20 మిల్లీమీటర్ల రబ్బరు చాపలు రెండు వేసుకోండి. అవసరాన్ని బట్టి ఒకటి తీయవచ్చు, ఒకటి చేర్చవచ్చు. పైన చాప ఉంటే బట్టలు జారవు. బాక్స్ కింద కూడా పలచటి రబ్బరు అతికించండి, లేకపోతే టైల్స్ మీద వెనక్కి జరిగిపోతుంది. మెత్తటి నురుగు దిండు మాత్రం వేయకండి. కూర్చున్నాక దిగబడుతుంది, లోతు రెప్ రెప్‌కూ, అంటే దిగి లేచిన ప్రతిసారీ, మారుతుంది.

ప్రశ్న: బాక్స్ స్క్వాట్ చేసిన మర్నాడు నడుము పట్టేస్తోంది. లేచేటప్పుడు ముందుకు ఊగి లేస్తున్నానని తోటివాళ్ళు అంటున్నారు. 110 కిలోలతో చేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు బరువు సగానికి దించి, శబ్దం వినండి. మీరు కూర్చోగానే బాక్స్ ధబ్‌మని మోగితే రోగం తెలిసినట్టే. చివరి రెండు మూడు అంగుళాలు మీరు దిగడం లేదు, పడుతున్నారు. పైన బార్, కింద గట్టి చెక్క, మధ్యలో వెన్నెముక. పడ్డ అదురంతా దాని మీదే. సరిగ్గా కూర్చుంటే పక్కన నిలబడినవాళ్ళకు కూడా చప్పుడు వినిపించదు.

పడిపోవడానికి సాధారణ కారణం తొడ వెనక కండరాలకు ఆ లోతులో భారాన్ని ఆపే సత్తా లేకపోవడం. వారానికోసారి 50 కిలోల చొప్పున 5 సెట్లు, సెట్‌కు 3 రెప్స్, నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగండి. అప్పటికీ పడుతుంటే ఒక చాప చేర్చి ఎత్తు పెంచండి. చప్పుడు ఆగాక రెండు వారాలకు ఆ చాప తీసేయండి.

ఇక వరస ఇదీ. ఖాళీ బార్‌తో ముందు ఒకసారి కూర్చుని బాక్స్ మూలలు, మడమలు ఉన్నచోట నేల మీద సుద్దముక్కతో గీతలు పెట్టుకోండి. వెనక్కి చూసుకుంటూ వెతుక్కునే పని ఉండకూడదు. పాదాలు భుజాలకన్నా వెడల్పుగా, బాక్స్ ముందు అంచుకు రెండు పక్కలా. పొట్ట నిండా గాలి పీల్చి బిగపట్టండి. ముందు తుంటి వెనక్కి కదలాలి, మోకాళ్ళు ఆ తర్వాత, అదీ ముందుకు కాదు, పక్కలకు. కూర్చున్నాక వదులు చేయవలసింది గజ్జల దగ్గరి కండరాలను మాత్రమే. పొట్ట, నడుము, వీపు బిగువు అణువంత కూడా సడలకూడదు. పాదాలు నేలను ఎంత గట్టిగా తొక్కాలంటే, వాటి కింద కాగితం ఉంటే ఎవరూ లాగలేకపోవాలి. ఒక సెకను. తర్వాత మెడ కింది కండతో బార్‌ను పైకి నెడుతూ ఛాతీ ముందు లేవాలి, వెంటనే పాదాలు నేలను పక్కలకు చీలుస్తున్నట్టు తోయాలి.

మీరు ఊగుతున్నారంటే కూర్చున్నప్పుడు కాళ్ళ మీద భారం వదిలేసి మొత్తం బాక్స్‌కు అప్పగించారన్నమాట. దాన్ని మళ్ళీ పాదాల మీదికి తెచ్చుకోవడానికి ఒళ్ళు ముందుకు విసరాల్సి వస్తోంది. ఆ విసురులో తుంటి ముందు లేస్తుంది, ఛాతీ వెనకబడుతుంది, నడుము ఒక్కటే బరువు మోస్తుంది. కొందరు ఆరితేరినవాళ్ళు కావాలనే కొద్దిగా ఊగి లేస్తారు. వాళ్ళను చూసి ఇప్పుడే నేర్చుకోవద్దు.

వెనక నుంచి కూడా ఒక వీడియో తీయించుకోండి. కూర్చోగానే నడుము కింది భాగం గుండ్రంగా ముడుచుకుంటుంటే బాక్స్ మీకు ఎక్కువ కిందికైనా ఉండాలి, కాళ్ళు దగ్గరగా అయినా ఉండాలి. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా ఇవన్నీ పక్కనపెట్టి ముందు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: నా మామూలు స్క్వాట్ 160 కిలోలు. బాక్స్ మీద ఎంత పెట్టాలి, ఎన్ని సెట్లు? బార్‌కు తగిలించే బ్యాండ్లు, గొలుసులు లేవు.
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: వేగం కోసమైతే మూడు వారాల వరస పెట్టుకోండి. మొదటి వారం 87.5 కిలోలు, 10 సెట్లు, సెట్‌కు 2 రెప్స్. రెండో వారం 95, అవే 10 సెట్లు. మూడో వారం 105, 8 సెట్లు. నాలుగో వారం మళ్ళీ మొదటికి, 2.5 కిలోలు కలుపుకుని. సెట్ల మధ్య 45 నుంచి 60 సెకన్లు. అమెరికా గ్యారేజీలో ఒంటరిగా చేస్తుంటే ప్లేట్లు మార్చే పని లేదు గనక ఈ విరామం ఇబ్బంది కాదు.

బరువు సరిపోయిందో లేదో ఫోనే చెబుతుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో బాక్స్ వదిలిన క్షణం నుంచి నిటారుగా నిలబడేదాకా ఫ్రేములు లెక్కపెట్టండి. 30 దాటితే సెకను దాటినట్టే. బరువు తగ్గించండి, రోషానికి పోవద్దు. బరువు చూసుకునే రోజు కాదిది, వేగం చూసుకునే రోజు. బార్ ఎక్కువైతే వేగం పోయి, అరకొర భారీ రోజుగా మిగులుతుంది. అటు బలానికీ కాదు, ఇటు వేగానికీ కాదు.

దీనికీ భారీ రోజుకూ మధ్య 72 గంటలు ఉండనివ్వండి. భారీ రోజున కూడా బాక్స్ వాడాలనిపిస్తే సెట్‌కు ఒక్క రెప్ మాత్రమే చేస్తూ, బరువు పెంచుకుంటూ, రూపం చెడకుండా లేపగలిగినంత దగ్గర ఆపండి. రాక్ పిన్నులను, అంటే బార్ పడితే ఆపే అడ్డకడ్డీలను, మీరు కూర్చున్నప్పుడు బార్ ఉండే ఎత్తుకు రెండు అంగుళాలు కింద పెట్టండి. ఇంకా పైన పెడితే బార్ తగిలి ఎగురుతుంది. మరీ కింద పెడితే లేవలేని రోజున బార్‌కూ బాక్స్‌కూ మధ్య మీరే మిగులుతారు.

ప్రశ్న: ఆరు నెలల్లో బాక్స్ స్క్వాట్ 15 కిలోలు పెరిగింది. పోటీలో మాత్రం పాత బరువే లేచింది, అందులోనూ రెండు ప్రయత్నాలు లోతు చాలక పోయాయి. సూట్ లేని విభాగం. ఎక్కడ పొరపాటు?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఆరు నెలలూ బాక్స్ లేకుండా ఒక్క స్క్వాట్ కూడా చేసి ఉండరు. బాక్స్ తగిలితే లేవడం ఒంటికి అలవాటైంది. వేదిక మీద తగలడానికి ఏమీ లేదు, అందుకే అనుమానంతో పైనే తిరిగారు. దానికి తోడు, పైన చెప్పిన ఎగదోతను వాడుకోవడం కూడా ఒక విద్యే. అది బాక్స్ మీద రాదు. సూట్ ఉన్నవాళ్ళకు అడుగున ఆ గుడ్డే తిరిగి తోస్తుంది. మీకు మీ కండరాలే దిక్కు. తుంటిని అంత వెనక్కి పంపే అలవాటు వల్ల తొడ ముందు కండరాలకు పని తగ్గి, మోకాలు ముందుకు వెళ్ళవలసిన పోటీ స్క్వాట్‌లో అవి చేతులెత్తేసి ఉంటాయి.

వచ్చే పోటీకి 12 వారాలుంటే మొదటి 7 వారాలు ఒక రోజు బాక్స్, ఇంకో రోజు మామూలు స్క్వాట్. చివరి 5 వారాలు బాక్స్‌ను మూలన పెట్టేయండి. దాని బదులు గాలిలోనే, పోటీ లోతులో రెండు సెకన్లు ఆగి లేచే స్క్వాట్, మీరు ఒక్కసారి లేపగల గరిష్ఠ బరువులో 70 శాతంతో 5 సెట్లు, సెట్‌కు 3 రెప్స్. ఎవరినైనా పక్కన కూర్చోబెట్టి పోటీలో రిఫరీలాగా, దిగడానికి "స్క్వాట్", బార్ తిరిగి పెట్టడానికి "రాక్" అని కేకలు వేయించుకోండి. రెండున్నర కిలోల తేడాతో పతకం పోవడం కన్నా, రాక్ అనకముందే బార్ పెట్టేసి ప్రయత్నం పోగొట్టుకోవడం ఎక్కువ బాధ.

ప్రశ్న: మడమ ఎత్తున్న లిఫ్టింగ్ బూట్లు వేసుకోవచ్చా? బెల్ట్ అవసరమా? బాక్స్ దొరికేదాకా ప్లాస్టిక్ స్టూలు వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఎత్తు మడమ మోకాలిని ముందుకు తోస్తుంది, బాక్స్ మీద మనకు కావలసింది దానికి సరిగ్గా ఎదురు. అడుగు చదునుగా, గట్టిగా ఉన్న బూట్లు వేసుకోండి. మెత్తటి పరుగు బూట్లు అసలు వద్దు. వేగం రోజున బెల్ట్ లేకుండా, భారీ రోజున మీ గరిష్ఠ బరువులో 80 శాతం దాటాక బెల్ట్‌తో. ప్లాస్టిక్ స్టూలు మీ ఒంటి బరువుకు తయారైంది, మీ బరువూ బార్ బరువూ కలిపి కాదు. బాక్స్ దొరికేదాకా 20 కిలోల రబ్బరు ప్లేట్లను పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి కావలసిన ఎత్తుకు పేర్చుకోండి. అన్నీ ఒకే మందం ఉన్నవి, చెమట తడి లేకుండా తుడిచినవి.