స్వర సందేహాలు: బ్యాండుకు ఇటలీ జాతీయగీతం

ప్రశ్న: ముప్పై మంది ఉన్న మా బ్యాండు కోసం ఇటలీ జాతీయగీతం రాసుకుంటున్నాం. ట్రంపెట్లకు పై స్వరాలు కష్టంగా ఉన్నాయి. శ్రుతి దించవచ్చా?

జవాబు: దించకండి. 1847లో మికేలే నొవారో ఈ బాణీ కట్టింది బి ఫ్లాట్ (B♭) మేజర్ శ్రుతిలో. బ్యాండు వాద్యాలకు ఇంతకన్నా అనువైన శ్రుతి లేదు. పైగా 2017 డిసెంబరు 4 నాటి 181వ చట్టం గొఫ్రేదో మమేలి సాహిత్యంతో పాటు నొవారో అసలు స్వరలిపినే జాతీయగీతంగా గుర్తించింది. ట్రంపెట్లకు కష్టమైన చోట పాటను క్లారినెట్లకిచ్చి, ట్రంపెట్లకు కింది హార్మనీ రాయండి.

కొన్ని వాద్యాల్లో కాగితం మీద రాసిన స్వరం ఒకటి, మోగేది మరొకటి. అందుకే బి ఫ్లాట్ క్లారినెట్, ట్రంపెట్, టెనర్ శాక్సఫోన్లకు సి మేజర్, ఆల్టో శాక్సఫోన్‌కు జి, ఎఫ్ హార్న్‌కు ఎఫ్ మేజర్ రాయాలి. 31వ బార్‌లో (తాళపు ఆవృత్తంలో) పాట 'ఇ ఫ్లాట్' (E♭) మేజర్‌కు మారి, చివరిదాకా అక్కడే ఉంటుంది. అప్పుడు ఇవే వాద్యాలకు వరసగా ఎఫ్, సి, బి ఫ్లాట్ మేజర్లు. తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ మలుపులోనే. హార్న్ వాళ్లు అలవాటు కొద్దీ 'ఇ ఫ్లాట్' (E♭) స్వరం బదులు 'ఇ నేచురల్' (మామూలు E) ఊదేస్తారు. పేజీ సరిగ్గా అక్కడే తిప్పాల్సి వచ్చేలా రాయకండి.

ప్రశ్న: హుషారుగానే మొదలుపెడతాం. చివరికొచ్చేసరికి ఒట్టి మోతే మిగులుతోంది. ఎందుకు?

జవాబు: ముందే గట్టిగా వాయించేయడం వల్ల. చివరి 5 బార్లలో పియానిస్సిమో (చాలా మెల్లగా) నుంచి ఫోర్తే (గట్టిగా) దాకా ధ్వని పెంచుతూ, వేగమూ పెంచమని నొవారో రాశాడు. ఈ పాట ప్రాణమంతా అక్కడే ఉంది. అంతకు ముందే బ్యాండంతా ఫోర్తేలో ఉంటే ఇక పెరగడానికి చోటెక్కడిది?

ముప్పై మందికి 'మెల్లగా' అని చెబితే సరిపోదు, వాద్యాలే తగ్గించాలి. ఆ చివరి 5 బార్లలో మొదటిదాంట్లో కింది స్థాయిలో క్లారినెట్లు, మంద్రంగా పలికే ఇత్తడి వాద్యాల్లో ఒక యూఫోనియం, ఒక ట్యూబా చాలు. సైడ్ డ్రమ్ అంచు దగ్గర వాయించాలి. రెండో బార్‌లో శాక్సఫోన్లు, హార్న్‌లు, మూడోదాంట్లో ట్రాంబోన్లు, నాలుగోదాంట్లో ట్రంపెట్లు చేరాలి. సింబల్స్ (పెద్ద తాళాలు) అయిదో బార్ దాకా ఆగాలి. వేగం పెంచేటప్పుడు సైడ్ డ్రమ్ ముందుకు పరుగెత్తుతుంది. అందుకే బేస్ డ్రమ్, ట్యూబా వాళ్లు నడక పట్టుకోవాలి, మిగతావాళ్లు వాళ్లనే వినాలి.

ముగింపులో 'సీ!' (అవును!) అనే కేక మమేలి పద్యంలో లేదు, నొవారో చేర్చాడు. అక్కడి దెబ్బ పొట్టిగా పడాలి, సింబల్స్‌ను వెంటనే ఒంటికి ఆనించి ఆపాలి.

ప్రశ్న: మార్చ్ పాటే అయినా మేం వాయిస్తే ఊగుతున్నట్టు వినిపిస్తోంది.

జవాబు: తొలి 12 బార్ల వాద్యభాగంలో ఒక ఎయిత్ నోట్ (అర బీటు), దాని వెంట రెండు సిక్స్‌టీంత్‌లు (పావు బీట్లు) వస్తాయి. పాట మొదలయ్యాక డాటెడ్ ఎయిత్ (ముప్పావు బీటు), సిక్స్‌టీంత్. ఈ డాటెడ్ జంటను 3:1గా కాక 2:1గా వాయిస్తే ఊగుడు వచ్చేస్తుంది. నిమిషానికి 70 బీట్ల వేగంలో, బీటును నాలుగుగా లెక్కపెడుతూ సాధన చేయించండి. నాలుగో లెక్క మీదే చిన్న నోటు పడాలి. ఎత్తుగడలో ఒకే స్వరం రెండుసార్లు వస్తుంది, అందులో మొదటిదాన్ని తేలికగా ఊదాలి.

ప్రశ్న: అనుమతి అవసరమా?

జవాబు: మమేలి 1849లో, నొవారో 1885లో మరణించారు. అసలు పాటను మీరే వాద్యాలకు రాసుకోవచ్చు. అచ్చయిన అమరికపై మాత్రం దాన్ని రాసినవారికి, ప్రచురించినవారికి హక్కులుండవచ్చు. వాటిని జిరాక్స్ తీసి పంచకండి, సెట్టు కొనండి.