యజమానే వేధిస్తుంటే ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: మా బట్టల షాపులో ఏడుగురం పనిచేస్తాం. యజమాని రెండు నెలలుగా నాకు అసభ్యంగా మెసేజ్‌లు పెడుతున్నాడు. వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ లాంటిదేమీ మా దగ్గర లేదు. చూసినవాళ్లూ లేరు. ఏం చేయాలి?

జవాబు: పదిమంది కన్నా తక్కువ ఉన్నచోట, లేదా ఆరోపణ యజమాని మీదే అయితే, పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. చిరునామా కలెక్టరేట్‌లో అడగండి. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పెంచగలదు, కానీ ఆ ఆశతో ఆగకండి.

మెసేజ్‌లు ఒక్కటి కూడా చెరిపేయకండి. తేదీ, సమయం, అవతలి నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి, ఫోన్ మార్చకండి. ఫిర్యాదులో "అసభ్యంగా ప్రవర్తించాడు" అని ఊరుకుంటే విచారణ అక్కడే బలహీనపడుతుంది. ఏ రోజు, ఎక్కడ, సరిగ్గా ఏ మాట అన్నాడో, రాయడానికి ఎంత ఇబ్బందిగా ఉన్నా, ఉన్నదున్నట్టు రాయండి. ఆధారాలతో కలిపి 6 ప్రతులు ఇవ్వాలి.

అందులో ఒక ప్రతి 7 పనిదినాల్లో అతనికి చేరుతుంది, జవాబుకు 10 పనిదినాలు ఉంటాయి. అతని వాదనా వినాల్సిందే. అలా విన్నాకే తీర్పు నిలబడుతుంది. లాయర్లను ఇద్దరిలో ఎవరూ తెచ్చుకోకూడదు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోగా 3 నెలల వరకు సెలవు ఇప్పించమని కమిటీని రాతపూర్వకంగా అడగొచ్చు.

డబ్బు తీసుకుని రాజీపడమంటే ఒప్పుకోకండి, చట్టమే దాన్ని కుదరదంది. నిరూపించలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదు, మీపై చర్య తీసుకోలేరు. పోలీసు కేసు విడిగా పెట్టుకునే హక్కూ మీకుంది.