మంచుకు ఏ టైరు?

ప్రశ్న: మాంట్రియల్‌లో ఉంటాం. 2018 జీప్ గ్రాండ్ చెరోకీ ఎస్‌ఆర్‌టీ కొన్నాం. టైర్లు 295/45ఆర్20. చలికాలానికి 18 అంగుళాల చక్రాలు వేయిస్తే ఖర్చు తగ్గుతుందా?

జవాబు: తగ్గుతుంది గానీ ఎక్కవు. ముందు బ్రేకు డిస్కే 380 మిల్లీమీటర్లు, పైగా దాన్ని నొక్కి ఆపే క్యాలిపర్‌కు ఆరు పిస్టన్లు. 18 అంగుళాల చక్రం దానికి తగులుతుంది. 20 దగ్గరే ఉండి, వెడల్పు తగ్గించండి: 265/50ఆర్20 (265 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క ఎత్తు అందులో 50 శాతం, 20 అంగుళాల రిమ్ము). రెండు సైజుల వ్యాసంలో తేడా అర మిల్లీమీటరే, స్పీడోమీటరు తప్పు చూపదు. సన్నటి టైరు మెత్తటి మంచును చీల్చుకుని కిందికి దిగుతుంది. వెడల్పుది పైపైన తేలి జారుతుంది. అయితే దాన్ని మీ 10 అంగుళాల వెడల్పు రిమ్ములకు ఎక్కించకండి. 8.5 లేదా 9 అంగుళాలవి, 5×127 బోల్టులవి (127 మిల్లీమీటర్ల వృత్తం మీద ఐదు బోల్టులు) వేరే సెట్టు తీసుకోండి. ఆఫ్‌సెట్ (రిమ్ము వెడల్పు మధ్యగీత నుంచి బోల్టులు బిగించే ముఖం దాకా దూరం) కూడా సరిచూడాలి, లేకుంటే లోపలివైపు రాసుకుంటుంది.

నాలుగూ ఒకే రకం వేయండి. ముందు రెండే మారిస్తే మలుపులో బండి వెనక భాగం తిరిగిపోతుంది, ఇది నిజంగా ప్రమాదం. టైరు పక్కన మూడు శిఖరాల కొండలో మంచురేకు గుర్తు ఉండాలి; మాంట్రియల్ ఉన్న క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చట్టమే అడుగుతుంది. 7 డిగ్రీల లోపు వేసవి టైరు రబ్బరు గట్టిపడుతుంది, కాబట్టి నవంబరులోనే మార్చేయండి. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించండి. ప్రతి 5, 6 డిగ్రీల చలికి టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ పడిపోతుంది, ఉదయం బండి కదిలించకముందే కొలవండి.